మా ఊళ్లోనే చూసుకోవాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర మెట్ట పల్లె. మా అబ్బాయికి 24 ఏళ్లు. ఆటిజం. నాలుగైదు మాటలకు మించి మాట్లాడడు. పద్దెనిమిది నిండేదాకా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి తీసుకెళ్లేదాన్ని. తర్వాత ఇల్లే. పగలంతా వాడిని కనిపెట్టుకుని ఉండటంతోనే సరిపోతుంది. సాయంత్రం ఐదైతే మాత్రం ఊళ్లో వాటర్ ప్లాంటు దగ్గరికి తనే వెళ్లి ఖాళీ క్యాన్లు వరసగా పెట్టి, మూతలు సర్దుతాడు. ఆ గంటసేపు ఏ గొడవా ఉండదు. పెన్షన్ ఆరు వేలు వస్తోంది. మా ఆయన బత్తాయి తోట చూసుకుంటాడు. నాకు నడుం నొప్పి మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లలో మాలాంటి కుటుంబాలు ఇంకో నాలుగున్నాయి. ఒకరు రిటైరైన మాస్టారు, ఆయన ఇంట్లో ప్రభుత్వ పెన్షన్ ఉందని అబ్బాయికి పెన్షన్ ఇవ్వలేదు. ఇంకొకరికి అమ్మాయి. అందరం కలిసి ఇక్కడే ఏదన్నా పెట్టుకుందామని ఆశ. అమెరికాలో ఉన్న మా మరిది బిల్డింగ్ కట్టుకోండి, ఐదు లక్షలిస్తానన్నాడు. మా అన్నయ్య మాత్రం ఇవన్నీ అయ్యే పనులు కావు, టౌన్‌లో హాస్టల్లో చేర్పించమంటున్నాడు. అక్కడ నెలకు 15,000, డిపాజిట్ రెండు లక్షలు. గవర్నమెంటు డబ్బిస్తుందా? కంపెనీలు ఇస్తాయా? ఎక్కడ మొదలుపెట్టాలి? మా తర్వాత వీడి గతేమిటి? తలుచుకుంటే నిద్ర పట్టదు.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సంగతి ఆ వాటర్ ప్లాంటు. మీరు మాటవరసకు రాసినట్టున్నారు, నేను మాత్రం అక్కడే మొదలుపెడతాను. రోజూ ఒకే వేళ, ఒకే పని, తనను ఎరిగిన మనుషులు, పొమ్మనని యజమాని. పట్నాల్లో లక్షలు పోసి పెట్టే సెంటర్లు కూడా చివరికి ఏర్పాటు చెయ్యాలని చూసేది దీన్నే. మీకు ఊళ్లో ఊరికే దొరికింది.

ముందు మీ ఆయన్ని ఆ యజమానితో ఒకసారి తీరిగ్గా కూర్చోమనండి. మీవాడి వల్ల ఆయనకు ఎక్కడ ఇబ్బంది వస్తోంది? వరస పెట్టిన క్యాన్లను ఆటోవాడు మధ్యలోంచి లాగేస్తే కోపమొస్తోందా? అలాగైతే లోడింగ్‌కి వెళ్లే క్యాన్లు ఒక పక్క, మీవాడు సర్దేవి ఒక పక్క పెట్టిస్తే సగం గొడవ పోతుంది. కరెంటు పోయి మోటారు ఠక్కున ఆగితే బెదురుతాడా? అప్పుడు ఇంటికి పంపించడమా, ఫలానా చోట కూర్చోబెట్టడమా అన్నది ముందే అనుకోవాలి. పొద్దున ఖాళీ క్యాన్లు తిరిగొచ్చే వేళ ఇంకో గంట రానిస్తారేమో కూడా అడగండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. చేసేది పనే అయినప్పుడు చేతిలో ఎంతో కొంత పెట్టాలి. ముప్పయ్యో నలభయ్యో, ఆయన ఇవ్వగలిగినంత. పాపం పిల్లాడు, ఏదో కాలక్షేపం చేస్తున్నాడులే అని ఊరుకుంటే ఏళ్ల తరబడి ఊరికే పని చేయించుకున్నట్టవుతుంది.

ఇక మరిది గారి బిల్డింగ్. ఆయన మనసు మంచిదే, కానీ ఈ పనుల్లో డబ్బు తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే. బిల్డింగ్‌కి దాతలు దొరుకుతారు. శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది, ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యే వస్తారు. ఆ గదిలో రోజూ మీ పిల్లల పక్కన కూర్చునే మనిషికి నెల జీతం ఎవరిస్తారంటే మాత్రం అందరూ దిక్కులు చూస్తారు. మీ ఐదు కుటుంబాలూ వేరు వేరు ఊళ్లలో ఉన్నాయి. ఒకచోట గది కట్టారంటే రోజూ ఐదుగుర్నీ ఆటోల్లో చేర్చాలి, మళ్లీ దింపాలి. మెట్టలో ఆ ఆటో ఖర్చే మిమ్మల్ని ముంచుతుంది. పైగా ఆటో ఆలస్యమైతే, డ్రైవర్ మారితే, మీవాడు ఆ రోజంతా చిరాగ్గా ఉంటాడని నాకంటే మీకే బాగా తెలుసు.

అందుకని ముందు ఒక మనిషిని పెట్టుకోండి. వారంలో రెండు రోజులు అందరూ ఒకచోట కలవండి. పిల్లలు తగ్గి మూతబడ్డ బడి గదో, కమ్యూనిటీ హాలో పంచాయతీని అడిగితే, తీర్మానం చేసి వాడుకోనివ్వొచ్చు. మిగతా రోజులు ఆ మనిషే ఇంటింటికీ వెళ్లాలి. ఇంట్లో కూర్చుని పాఠాలు చెప్పడానికి అనుకునేరు. మీవాడికి వాటర్ ప్లాంటు దొరికినట్టే మిగతా నలుగురికీ ఊళ్లో ఒక్కో చోటు వెతికి, మొదటి కొన్ని నెలలు పక్కన నిలబడి అలవాటు చెయ్యడానికి. ఉదయగిరి చెక్క చెంచాలకు దేశమంతా పేరుంది. వాటిని ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేసే పని, ఒకే పనిని విసుగు లేకుండా చేసేవాళ్లకు కుదిరితే బాగా కుదురుతుంది. చెక్క పొడి, మిషన్ చప్పుడు పడనివాళ్లకు మాత్రం అది నరకం. అందుకే ఎవరికి ఏది సరిపోతుందో దగ్గరుండి చూసే మనిషి కావాలి.

లెక్క చూద్దాం. ఇంటర్ చదివిన స్థానికుడికి నెలకు 12,000 అనుకోండి. పెట్రోలు, అందరూ కలిసే రోజుల్లో ఆటోలు 4,000. భోజనం, సామాన్లు 2,000. మొత్తం 18,000. ఒక్కో ఇంటి నుంచి 2,000 వేసుకుంటే 10,000 వచ్చేస్తాయి. తగ్గేది నెలకు 8,000, ఏడాదికి 96,000. మరిది గారు ఇస్తానన్న ఐదు లక్షలు ఈ లోటును ఐదేళ్లపాటు పూడ్చి, ఇంకా 20,000 మిగులుతాయి. అదే డబ్బు బిల్డింగ్‌లో పోస్తే గోడలు లేచి స్లాబు దగ్గర ఆగుతుంది.

మనిషిని ఎంచుకునేటప్పుడు డిగ్రీల కోసం చూడకండి. నెల్లూరు నుంచి స్పెషల్ ఎడ్యుకేటర్‌ని తెచ్చుకుంటే మూడో నెలలో వెళ్లిపోతాడు. మీ మండలంలోనే పుట్టి, అక్కడే ఉండబోయేవాళ్లను తీసుకుని ట్రైనింగ్ ఇప్పించండి. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వానికి చెందిన దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ అంటారు, ఉంది. సికింద్రాబాద్ బోయినపల్లిలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం నీపిడ్ అనే జాతీయ సంస్థ ఉంది. ఈ రెండు చోట్లా శిక్షణ గురించి అడగండి. ఇంకో సంగతి, మొహమాటపడకుండా చెబుతున్నాను. నలుగురూ వయసొచ్చిన మగపిల్లలు, ఒక అమ్మాయి. స్నానం, బాత్రూమ్ లాంటి వాటికి మగపిల్లలకు మగమనిషి, అమ్మాయికి ఆడమనిషి ఉండి తీరాలి. అమ్మాయి వచ్చే రోజుల్లో ఒక తల్లయినా అక్కడే ఉండేలా వంతులు వేసుకోండి.

గవర్నమెంటు ఇస్తుందా, కంపెనీలు ఇస్తాయా అని అడిగారు. ఇస్తాయి, ఇప్పుడే కాదు. దాదాపు ప్రతి గుమ్మం దగ్గరా మూడేళ్ల అనుభవం చూపించమంటారు. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చే కంపెనీలు, సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్‌ఆర్ అంటున్నారు. అది బయటి సంస్థకు ఇవ్వాలంటే ఆ సంస్థకు ఇలాంటి పనిలో మూడేళ్ల చరిత్ర ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకు మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉండాలి. ఎంపీ నిధులు అడిగినా సొసైటీకి మూడేళ్ల సేవ చూపించమంటారు, అవి కూడా కట్టడాలకూ సామాన్లకే గానీ జీతాలకు రావు. కేంద్రం దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం కింద స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తుంది, అక్కడా నిన్న పుట్టిన సంస్థకు చోటుండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. సీఎస్‌ఆర్ డబ్బులో ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మన జిల్లాలో పెద్ద థర్మల్ ప్లాంట్లు, వంటనూనె ఫ్యాక్టరీలు కృష్ణపట్నం వైపే ఉన్నాయి. అక్కడి నుంచి మీ మెట్టదాకా ఆ డబ్బు నడిచి రావడం కష్టం. రాదని అనను, దాని మీద ఆశ పెట్టుకుని పని మొదలుపెట్టొద్దంటాను.

కాబట్టి ఈ మూడేళ్లూ మీ చేతి డబ్బుతోనే నడవాలి, నడిచినట్టు కాగితం మీద కనబడాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 కింద రిజిస్టర్ చేయించుకోవడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఐదిళ్ల నుంచి ఐదుగురు, మిగతా ఇద్దరూ బయటివాళ్లైతే మంచిది. ఒకరు ఊరి పెద్ద, ఒకరు లెక్కలు తెలిసినవాళ్లు. అన్ని సంతకాలూ ఒకే ఇంటివైతే రేపు ఎవరూ నమ్మరు. సొసైటీ పేరుతో బ్యాంకు ఖాతా, మొదటి రోజు నుంచి హాజరు రిజిస్టరు, ప్రతి ఖర్చుకూ ఓచరు, ఏడాదికోసారి సీఏ ఆడిట్. మాస్టారు ఉన్నారుగా, రిజిస్టర్లు ఆయనకు అప్పజెప్పండి. ఊళ్లో బత్తాయి వ్యాపారి సంతోషంగా 10,000 ఇస్తానంటే చెక్కో, ఫోన్‌పేనో చెయ్యమనండి. 2,000 దాటిన నగదుకు ఆయనకు 80జీ మినహాయింపు రాదు, మీకూ లెక్క చిక్కుపడుతుంది.

డబ్బు కోసం బయట వెతికే ముందు ఇంట్లో కాగితాలు ఒకసారి తియ్యండి. మీవాడి వైకల్యానికి ఇచ్చిన సదరం సర్టిఫికెట్‌లో ఆటిజం అని ఉందా, మానసిక వైకల్యం అని ఉందా? 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. అది 2016 చట్టంలో వచ్చిన 21 రకాల్లో చేరింది. అందువల్ల చిన్నప్పుడు సర్టిఫికెట్ తీసుకున్న చాలామందికి పాత మాటే ఉంటుంది. పెన్షన్‌కు దానివల్ల నష్టం లేదు, 40 శాతం ఉంటే చాలు. కానీ మళ్లీ పరీక్షకు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆటిజం సంగతి డాక్టరుకు చెప్పి సరిచేయించుకోండి. 2025లో రాష్ట్రమంతా వైకల్య పెన్షన్లను మళ్లీ తనిఖీ చేసినప్పుడు ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. నోటీసు వస్తే ఆ తేదీ తప్పించొద్దు. భవిత కేంద్రం కాగితాలు, పాత ప్రిస్క్రిప్షన్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. 2024లో ఈ పెన్షన్ 3,000 నుంచి 6,000 అయ్యింది. పదిహేను వేలది ఇప్పిస్తామని ఏజెంట్లు తిరుగుతుంటారు. అది మంచానికీ, వీల్‌చైర్‌కీ పరిమితమైనవాళ్లకు. మీవాడు సొంతంగా నడిచి వాటర్ ప్లాంటుకు వెళ్తాడు. ఆశపడి ఎవరికీ పైసా ఇవ్వకండి.

ఆ ఆరు వేలు మీవాడివి. ఇంటి ఖర్చులో కలిసిపోవడం సహజమే, కానీ మీరు నెలకు వేసుకునే 2,000 అందులోంచే తీస్తే ఎవరి డబ్బు ఎవరి కోసం ఖర్చయిందో స్పష్టంగా ఉంటుంది.

మాస్టారి అబ్బాయికి సామాజిక పెన్షన్ రాకపోవడం బాధే. ఆయనకు అంతకంటే పెద్ద హక్కు ఇంకొకటి ఉంది. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుక్కి, తల్లిదండ్రుల తర్వాత, ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. అయితే ఆయన బతికుండగానే, మెడికల్ సర్టిఫికెట్‌తో సహా, కొడుకు పేరు పెన్షన్ కాగితాల్లో ఎక్కించుకోవడం మంచిది. సబ్ ట్రెజరీకి వెళ్లి అడగమనండి. తర్వాత చూద్దాంలే అనుకున్న ఇళ్లలో, పెద్దాయన పోయాక మిగిలినవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

నేషనల్ ట్రస్ట్ అని 1999 చట్టం కింద ఏర్పడిన సంస్థ ఒకటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసమే పెట్టారు. వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చులు వస్తాయి. మొదటిసారి చేరడానికి తెల్లకార్డు కుటుంబమైతే 250, కాకపోతే 500. ముందు నుంచీ ఉన్న జబ్బు అని తిప్పి పంపరు. మెట్ట నుంచి నెల్లూరుకు వెళ్లొచ్చిన ప్రతి థెరపీ బిల్లూ దాచిపెట్టండి. ఏటా మార్చి లోపల రెన్యూవల్ చెయ్యకపోతే ఆగిపోతుంది, అందరూ మర్చిపోయేది ఇదే.

మీ తర్వాత సంగతి. పద్దెనిమిది దాటిన బిడ్డకు తల్లిదండ్రులు చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. ఇది చాలామందికి బ్యాంకులో సంతకం దగ్గర తెలుస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. లీగల్ గార్డియన్‌ సర్టిఫికెట్ అదే ఇస్తుంది, కోర్టుకు వెళ్లక్కర్లేదు. ఆటిజం ఉన్న అందరికీ గార్డియన్ అక్కర్లేదు. తన డబ్బు, తన నిర్ణయాలు తనే చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీవాడి విషయంలో అవసరమే అనిపిస్తోంది. గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో అతని ఆస్తుల వివరం, ఆపైన ఏటా లెక్కలు కమిటీకి ఇవ్వాలి. తోట మీవాడి పేర రాయాలనుకుంటే దీనికి ముందే లాయరుతో మాట్లాడండి. ఆస్తి ఒకరి చేతిలో, ఆలనాపాలనా ఇంకొకరి చేతిలో ఉండేలా రాయించడం మంచిదని నా అభిప్రాయం. రెండూ ఒకే మనిషికి అప్పజెబితే అడిగే దిక్కుండదు.

మీ అన్నయ్య మాటను కొట్టిపారెయ్యను. ఏదో ఒక రోజు హాస్టల్ అవసరం రావచ్చు. మీ నడుం నొప్పి నిజం, అన్నయ్య భయం కూడా నిజమే. వెళ్లి చూడండి. 2016 చట్టం ప్రకారం ఇలాంటి సంస్థకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి, అది చూపించమనండి. రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉంటారో కనుక్కోండి. ముందు చెప్పకుండా వచ్చినా లోపలికి రానిస్తారా అని అడగండి. ఆదివారం రెండు నుంచి నాలుగు దాకా మాత్రమే అంటే, డిపాజిట్ సంగతి ఎత్తకుండా తిరిగి వచ్చెయ్యండి. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికి మీవాడిని అక్కడ పెట్టడానికి నాకు కారణం కనబడలేదు. నెలకు 15,000 ఇచ్చినా, సాయంత్రం ఐదింటికి తను వెళ్లాల్సిన చోటు అక్కడ ఉండదు.

మరిది గారి డబ్బు విషయంలో ఒక ప్రశ్న తేలాలి, మీరు రాయలేదు. ఆయనకు ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే ఉందా, అమెరికా సిటిజన్ అయ్యారా? ఇండియా పాస్‌పోర్టుంటే తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా సొసైటీకి నేరుగా పంపొచ్చు. సిటిజన్ అయ్యుంటే, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు, దాని కింద అనుమతి లేకుండా సొసైటీ ముట్టుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు మళ్లీ మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి, ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరవాలి. మీ స్థాయి సంఘానికి అది ఇప్పట్లో అయ్యే పని కాదు. పోనీ మీ ఆయన ఖాతాకు పంపించి సొసైటీకి మళ్లిద్దామా అని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. పట్టుబడితే సంఘమే మూతబడుతుంది. అన్నకు తమ్ముడు ఇంటి అవసరాలకు పంపుకోవడం మాత్రం చట్టంలో తప్పు లేదు. అలాంటప్పుడు మీవాడి వైద్యం, బీమా ఆయన చూసుకుంటే, ఆ మేరకు మీ తోట డబ్బులోంచి మీరు సంఘానికి ఎంత ఇవ్వాలన్నది మీ ఇంటి నిర్ణయం.

ఈ సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ఐదు కుటుంబాల తరఫున ఒకే అర్జీ రాయండి. గార్డియన్‌షిప్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, నిరామయలో ఎక్కడ చేర్చుకుంటారో, ఖాళీ బడి గది వాడుకోనిస్తారో లేదో, ఈ మూడే అడగండి. డబ్బు అడగొద్దు, అడిగితే అర్జీ మొత్తం ఆ ఒక్క కారణం మీద పక్కన పడుతుంది. రసీదు నంబరు రాయించుకుని, అక్కడే విభిన్న ప్రతిభావంతుల (దివ్యాంగుల) శాఖ ఏడీని, అంటే అసిస్టెంట్ డైరెక్టర్‌ని, కలిసి రండి. వచ్చేటప్పుడు ఎలాగూ నెల్లూరులోనే ఉంటారు కాబట్టి, సీఆర్‌సీలో శిక్షణ సంగతి కూడా కనుక్కుని రావొచ్చు. మరిది గారి పాస్‌పోర్టు విషయం తెలిశాక మళ్లీ రాయండి, సొసైటీ నియమావళిలో ఏం రాసుకోవాలో అప్పుడు చెబుతాను.